మాట మనదే, గాయం వాళ్ళది

“మన మాట మనం అంటే ఆవిడకెందుకంత కోపం, పెదనాన్నా?” అని అడిగావు. అడగవలసిన ప్రశ్నే తల్లీ. ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. చదివాక అక్కడున్న మన పిల్లలకు కూడా వినిపించు.

డర్బన్‌లో మీ ఆఫీసు భోజనాల దగ్గర ఊరి కబుర్లు వచ్చాయి. ఈ ఏడు నాట్లకు మనుషులు దొరక్క మీ నాన్న పడ్డ అవస్థ చెబుతూ, మాటల్లో ‘కూలీలు’ అన్నావు. మాట్లాడుతున్నది ఇంగ్లీషే అయినా ఆ ముక్క మాత్రం మనది. ఇంటిపేరు నాయుడు అని ఉంటే మనవాళ్ళే కదా అని నువ్వు మురిసిపోయిన పెద్దావిడ, “ఆ మాట నా ముందు అనకు” అని పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నువ్వు అన్నది మన పొలంలో పనిచేసేవాళ్ళని. ఆవిణ్ణి కాదు, ఆవిడ తాలూకు ఎవరినీ కాదు. అయినా తగిలింది.

ముందు నీ పక్షాన మాట్లాడతాను. మన దగ్గర ఆ మాటలో తప్పేమీ లేదు. కూలి అంటే చేసిన పనికి వచ్చే డబ్బు. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని ‘కూలికెళ్తున్నాను’ అని చెప్పేవాళ్ళెవరూ మన ఊళ్ళో తల దించుకుని చెప్పరు. కూలో నాలో చేసి పిల్లల్ని చదివించామని పదిమందిలో చెప్పుకునే తల్లిదండ్రులు మన వీధిలోనే ఉన్నారు. కష్టం చేసేవాళ్ళు తమ సంఘానికి ‘రైతు కూలీ సంఘం’ అని పేరు పెట్టుకుని, ఆ పేరున్న జెండా పట్టుకుని కూలి రేట్ల కోసం పోరాడారు. 1991లో వెంకటేష్ నటించిన ‘కూలీ నెం. 1’ని మన జనం పండగలా చూశారు. 2025లో రజనీకాంత్ సినిమాకు పేరే ‘కూలీ’. ఇలాంటి చోట పుట్టి పెరిగిన దానివి, ఆ మాటలో ముల్లుందని నీకెలా తెలుస్తుంది?

అయితే మన దగ్గరైనా ఆ మాట ఎవరు అన్నారన్నదాన్ని బట్టి బరువు మారుతుంది. పనిచేసే మనిషి తన గురించి తాను చెప్పుకుంటే అది వృత్తి. మేడ మీద నిలబడ్డవాడు ‘కూలోడివి, నీకెందుకురా’ అంటే అది తిట్టు. రైల్వే స్టేషన్లలో సామాను మోసేవాళ్ళను ఇకపై ‘సహాయక్’ అని పిలవాలని 2016 రైల్వే బడ్జెట్‌లో ప్రకటించారంటే, ఆ మాట మన గడ్డ మీద కూడా కొందరికి బరువైందనే కదా. పేరు మార్చడం మంచిదే. మోసే బరువుకు తగ్గ డబ్బూ, కాస్త నడుం వాల్చే చోటూ దొరికితేనే ఆ మార్పుకు విలువ.

ఇప్పుడు నువ్వున్న చోటికి వద్దాం. 1860 నవంబర్ 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి డర్బన్ రేవు చేరింది. నేటాల్‌లో చెరుకు తోటలు వేసిన తెల్లదొరలకు పనిమనుషులు కావాలి. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు పది షిల్లింగుల జీతం, తిండి గింజలు. అలా మొదలై 1911 దాకా నేటాల్‌కు వెళ్ళినవాళ్ళు లక్షన్నరకు పైమాటే. అందులో ఎక్కువమంది మద్రాసు రాజధాని నుంచి వెళ్ళినవాళ్ళు. తమిళులతోపాటు మన గంజాం, విశాఖపట్నం వైపువాళ్ళూ, చిత్తూరు వైపువాళ్ళూ ఆ ఓడలెక్కారు. ఓడ జాబితాలో ప్రతి మనిషి పేరు పక్కనా ఒక నెంబరు వేశారు. దాన్ని కూలీ నెంబరు అన్నారు. తల్లి పెట్టిన పేరును రాసేవాడు తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు, నెంబరు మాత్రం తప్పు లేకుండా రాశాడు. ఈనాడు తమ ముత్తాత ఏ ఊరివాడో వెతుక్కునే మనవళ్ళు ఆ నెంబరు పట్టుకునే పాత దస్తావేజులు తిరగేస్తున్నారు. మనం పాటలు పాడుకున్న సినిమా పేరు వాళ్ళ ఇళ్ళల్లో ఒక పూర్వీకుడి ఆనవాలు.

ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. చెరుకు నరికేవాడిని కూలీ అన్నంతవరకు అది పని పేరు. కొన్నాళ్ళకు కొట్టు పెట్టుకున్నవాణ్ణీ కూలీ వర్తకుడన్నారు. 1885లో ట్రాన్స్‌వాల్‌లో చేసిన 3వ నెంబరు చట్టం కూలీలనీ, అరబ్బులనీ, మలయులనీ ఒక జాబితా కట్టి, వీళ్ళకు పౌరహక్కు లేదు, భూమి సొంతం చేసుకునే వీల్లేదు అంది. మాట చట్టంలోకి ఎక్కింది. ఊరి చివర వాళ్ళను నెట్టిన చోటికి ‘కూలీ లొకేషన్’ అని పేరు. జోహన్నెస్‌బర్గ్‌లో అలాంటి పేటలో 1904లో ప్లేగు వస్తే ఆ పేటనే తగలబెట్టారు. 1893లో కోటూ తలపాగాతో డర్బన్‌లో దిగిన గాంధీగారిని అక్కడివాళ్ళు ‘కూలీ బారిస్టర్’ అన్నారు. లండన్‌లో చదివి వచ్చిన వకీలు ఏనాడూ చెరుకు కొట్టలేదు. అయినా అతనూ కూలీయే, అతని బిడ్డలూ కూలీలే. పని పేరు కాస్తా పుట్టుక పేరైపోయింది. ఎంత చదివినా, ఎంత సంపాదించినా వదలనిది కాబట్టే అది తిట్టయింది.

అదే చోట జరిగిన ఇంకో సంగతి వింటే మాట ఎలా చెడుతుందో నీకు ఇంకా తేటగా తెలుస్తుంది. వెళ్ళినవాళ్ళలో పేరు చివర ‘స్వామి’ ఉన్నవాళ్ళు చాలామంది. తెల్లవాళ్ళు దాన్ని ‘సామి’ చేసి, కనపడిన ప్రతి భారతీయుణ్ణీ అలాగే పిలిచారు, హేళనగా. స్వామి అంటే మనకు దేవుడు, యజమాని, గురువు. అంతకంటే గౌరవమైన పిలుపు మన దగ్గర లేదు. గాంధీగారు తన ఆత్మకథలో దీని గురించి రాశారు. కాస్త చురుకైనవాళ్ళు, నన్ను సామి అంటున్నావు గానీ సామి అంటే యజమాని అని తెలుసా, నేను నీ యజమానిని కాదే అని తిప్పి కొట్టేవారట. అర్థం ఎంత గొప్పదైనా ఆ మాటను కాపాడలేకపోయింది. పిలిచేవాడి నోట్లో ఉన్న చులకనే మాటకు కొత్త అర్థమై కూర్చుంది.

ఇక ఆ పెద్దావిడ సంగతి. ఆవిడ పూర్వీకుడు మన వైపువాడే కావచ్చు. ఓడెక్కే రోజున అతని నోట్లో ‘కూలి’ మన అర్థంతోనే ఉండి ఉంటుంది. ఆ అర్థం మాత్రం ఆవిడ దాకా చేరలేదు. తరాలు మారేకొద్దీ ఆ ఇళ్ళల్లో తెలుగు సన్నగిల్లి ఇంగ్లీషు వచ్చింది. భాష పూర్తిగా పోకూడదని 1931లోనే అక్కడివాళ్ళు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. భజనలు నిలబడ్డాయి, పండగలు నిలబడ్డాయి, నాయుడు, రెడ్డి అన్న పేర్లు నిలబడ్డాయి. ‘కూలి’ మాత్రం ఆవిడకు అమ్మమ్మ నోటి నుంచి రాలేదు. తోట యజమాని నుంచి, బడి దారిలో ఏడిపించిన పిల్లల నుంచి, 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం పేరు చెప్పి ఇళ్ళు ఖాళీ చేయించిన అధికారుల నుంచి వచ్చింది. నువ్వు మన మాట అనుకున్నావు. ఆవిడ చెవికి అది తెలుగే కాదమ్మా. అది వాళ్ళను కొట్టినవాళ్ళ భాషలో మాట.

‘నేను చెడ్డ ఉద్దేశంతో అనలేదు కదా’ అని నువ్వు రెండుసార్లు అన్నావు. నిజమే, నీ మనసు నాకు తెలుసు. మనసు మంచిదైతే నీ మీద పాపం లేదు. ఆవిడకు నొప్పి మాత్రం ఉంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. నా ఉద్దేశం మంచిది కాబట్టి నీకు నొప్పి ఉండకూడదు అని ఎదుటి మనిషితో వాదించే హక్కు మనకు లేదు. ఆ వాదనకు దిగినవాళ్ళు ఉద్దేశం ఎంత మంచిదైనా మనుషుల్ని పోగొట్టుకుంటారు.

వాళ్ళ వైపు నుంచి చూడటం కష్టంగా ఉంటే మన తాతల వైపు నుంచి చూడు. మన ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ రంగూన్ వెళ్ళి రేవుల్లో బస్తాలు మోసినవాళ్ళను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. కాకినాడ పక్కన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, 1839 తుఫానులో కుప్పకూలిన ఊరు. ఈనాడు మడ అడవులు చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళే చోటు. రంగూన్‌లో ఆ పేరు కింద బతికినవాళ్ళకు అది అంత అందంగా వినిపించలేదు. 1930 మే నెలలో రేవు పని దగ్గర మొదలైన గొడవల్లో ఆ పేరున్నవాళ్ళని వెతికి వెతికి కొట్టారు. మలేసియా, సింగపూర్ వైపు దక్షిణాది మనుషుల్ని ‘కెలింగ్’ అనేవారు. అది మన కళింగమే. చరిత్ర పుస్తకంలో కళింగ సామ్రాజ్యం అని చదివి ఛాతీ పొంగిస్తాం. ఆ దేశాల్లో ఎవరినైనా ఇప్పుడు ఆ మాటతో పిలిస్తే గొడవే. మలక్కాలో కంపుంగ్ క్లింగ్ మసీదు మాత్రం ఆ పేరుతోనే ఉంది. గోడకున్న పేరు వేరు, మనిషి ముఖం మీద విసిరే పేరు వేరు.

ఇప్పటిదాకా మనల్ని అన్న మాటలు చెప్పాను. మనం అనే మాటల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది.

హైదరాబాద్‌లో హబ్సిగూడ ఉంది. నిజాంల కొలువులో పనిచేసిన, ఆఫ్రికా మూలాలున్న హబ్షీల పేరు మీద వచ్చిన పేరది. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం అశ్వదళం. ఊరి చరిత్రలో ఆ మనుషులకు చోటుంది, ఆ పేర్లు ఉండాలి కూడా. అదే ఊళ్ళో నైజీరియా నుంచో సూడాన్ నుంచో చదువుకోవడానికి వచ్చిన పిల్లాడు బస్సెక్కితే వెనక సీట్లో నుంచి ‘హబ్షీ’ అనో ‘నీగ్రో’ అనో గుసగుస వినపడుతుంది. మన పాత పుస్తకాల్లో, పత్రికల్లో నీగ్రో అని మామూలుగానే రాసేవారు, అందుకే అది మనకు ఉత్త వర్ణనలా అనిపిస్తుంది. ఆ పిల్లాడికి అది సంతలో మనుషుల్ని అమ్మిన కాలపు మాట. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి మన ఊళ్ళలో హోటళ్ళలోనూ సెలూన్లలోనూ పనిచేసే పిల్లల్ని ‘చింకీ’ అంటారు. అలా అన్నవాళ్ళ మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టవచ్చని 2012లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. సరదాగా అన్నాం అనేవాళ్ళకు ఆ సరదా ఖరీదు తెలియాలి.

నువ్వున్న దేశంలో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. ‘కాఫిర్’ అనే అరబీ మాట మన ఉర్దూలో మతానికి సంబంధించింది. అదే మాట ఓడలవాళ్ళ నోట దక్షిణాఫ్రికా చేరి, నల్లవాళ్ళ మీద వాడే అతి నీచమైన తిట్టయింది. 2018లో ఒక మహిళ నల్లజాతి పోలీసును ఆ మాటతో పదేపదే దూషించినందుకు కోర్టు జైలు శిక్ష వేసింది. శ్రీలంకలో ఒక చిన్న సమాజం మాత్రం ఆ పేరుతోనే తమను తాము పిలుచుకుంటుంది, వాళ్ళకు అందులో అవమానం లేదు. వంటల్లో వేసే ఒక రకం నిమ్మాకుకు ఆ మాటతోనే పేరుంటే ఇప్పుడు చాలామంది ‘మక్రుత్’ అంటున్నారు. ఒక్క మాట ఒక దేశంలో పేరు, ఒక దేశంలో నేరం. నిఘంటువు చూసి దీన్ని తేల్చలేం తల్లీ. ఆ నేల మీద ఏం జరిగిందో తెలుసుకోవాలి.

దేశాలు దాటి వెళ్ళనక్కర్లేదు, మన వంటింట్లోనే ఒక మాట ఉంది. కూర బాగా కుదరకపోతే ‘చండాలంగా ఉంది’ అంటాం. చీర నచ్చకపోతే చండాలం, సినిమా నచ్చకపోతే చండాలం. సంస్కృతం నుంచి వచ్చిన ఆ మాట ఒక విశేషణం కాదు, మనుషుల పేరు. ఊరి బయట ఉంచిన మనుషుల పేరు. వాళ్ళ పేరునే మనం రోతకు పర్యాయపదం చేసుకున్నాం. ఇంగ్లీషువాళ్ళూ సరిగ్గా ఇదే పని చేశారు. తమిళ దేశపు పరయర్ల పేరును పట్టుకెళ్ళి ‘పరయా’ అంటే అందరూ వెలివేసినవాడు అని అర్థం కట్టారు. ఇప్పుడు దేశాల తగాదాల వార్తల్లో కూడా ఆ మాట దొర్లుతుంది. ఆ పేరుతో బతుకుతున్న లక్షల మంది పేపరు చదువుతారన్న ధ్యాసే ఉండదు. ఇంగ్లీషువాళ్ళను తప్పుపట్టే ముందు మన వంటిల్లు చూసుకుందాం. ‘ఏం బాలేదు’, ‘రోతగా ఉంది’, ‘నోట పెట్టలేం’ అని చెప్పుకోవడానికి తెలుగుకు మాటల కరువు లేదు. ఈ ఒక్క అలవాటూ మన ఇంట్లో మానేద్దామని మీ పెద్దమ్మకూ పిల్లలకూ చెప్పాను. నువ్వూ మానెయ్యి.

‘కాలనీ’ అన్న మాట చూడు. మనకు హౌసింగ్ బోర్డు కాలనీ ఉంది, టీచర్స్ కాలనీ ఉంది. అడ్రసులో కాలనీ అని రాసుకోవడం దర్జా. కేరళలో ఆ మాటకు దళితులు, గిరిజనులు ఉండే వాడ అన్న అర్థం పాతుకుపోయింది. ‘కాలనీవాళ్ళు’ అంటే చాలు, కులం తెలిసిపోయేది. 2024 జూన్‌లో ఆ ప్రభుత్వం అలాంటి వాడల పేర్లలోంచి కాలనీని తీసేయాలని ఉత్తర్వు ఇచ్చింది. 2025లో తమిళనాడు ముఖ్యమంత్రి కూడా ప్రభుత్వ రికార్డుల్లో ఆ మాట ఉండదని శాసనసభలో ప్రకటించారు. మన ఊళ్ళల్లో ‘ఎస్సీ కాలనీ’ అని బోర్డు ఉన్నచోట్ల ‘ఎక్కడ, కాలనీలోనా?’ అని ఎవరైనా సాగదీసి అడిగితే, ఆ సాగదీతలో ఏముందో అక్కడి పిల్లలకు బాగా తెలుసు.

మంచి మనసు ఒక్కటే చాలదనడానికి ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది కొంచెం నొప్పి కలిగించేదే. ‘కూలీ బారిస్టర్’ అని పిలిపించుకుని ఆ అవమానం ఎలా ఉంటుందో ఒంటి మీద అనుభవించిన గాంధీగారే, ఎంతో ప్రేమతో ‘హరిజన’ అన్న పేరు వాడుకలోకి తెచ్చారు. దేవుడి మనుషులు అని దాని అర్థం. ఎవరికి ఆ పేరు పెట్టారో వాళ్ళలో చాలామందికి అది నచ్చలేదు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట పెడితే ఆయనా ఆయన పార్టీవాళ్ళూ సభ నుంచి బయటికి వచ్చేశారు. 1982లో కేంద్ర ప్రభుత్వమే ఆ మాట అధికారికంగా వాడవద్దని రాష్ట్రాలకు చెప్పింది. ‘దళిత’ కూడా సంస్కృతం నుంచి వచ్చిందే, మరాఠీ నేల మీద బలం పుంజుకుని మనదాకా వచ్చింది. అయితే అది వాళ్ళు తమకు తాము తీసుకున్న పేరు. నేను నీకు చెప్పదలచుకున్నదంతా ఈ రెండు పేర్ల మధ్యే ఉంది తల్లీ. మనుషుల్ని పిలిచే మాట ఏ భాష నుంచి వచ్చిందన్నది ముఖ్యం కాదు, దానికి మంచి అర్థం ఉందా లేదా అన్నదీ ముఖ్యం కాదు. ఆ పేరు మోసేవాళ్ళు దానికి ఒప్పుకున్నారా లేదా అన్నదే ముఖ్యం.

ఒప్పుకోవడం కూడా కాలంతో మారుతుంది. దక్షిణాఫ్రికాలో భారతీయ మహిళల్లో తొలి డాక్టరు గూనమ్ గారు 1991లో తన జీవితకథ రాసుకుని దానికి ‘కూలీ డాక్టర్’ అని పేరు పెట్టారు. దొరికితే చదువు. మారిషస్ కవి ఖాల్ తొరాబుల్లీ 1992లో ‘కూలిట్యూడ్’ అన్న మాట పుట్టించి, ఓడలెక్కిన ఆ జనం కథను తలెత్తి చెప్పారు. ఫిజీకి వెళ్ళినవాళ్ళు ‘అగ్రిమెంట్’ అనలేక ‘గిర్మిట్’ అన్నారు. కన్నీళ్ళతో నిండిన ఆ మాట పేరుతో 2023 నుంచి ఆ దేశం జాతీయ సెలవు ఇస్తోంది. వాళ్ళ మీద పడ్డ మాటను వాళ్ళే చేతిలోకి తీసుకుని ఎత్తి పట్టుకున్నారు. అది వాళ్ళ హక్కు. డాక్టరు గూనమ్ గారు ఆ మాట రాసుకున్నారు కాబట్టి నేనూ అంటాను అనకూడదు. ఆవిడ తన పేరు మీద రాసుకున్నారు, నీకు అనుమతి రాసివ్వలేదు.

ఇదంతా విని, ఇక పరాయి మాటలన్నీ ప్రమాదమే అని బిగుసుకుపోకు. అది ఇంకో రకం తప్పు. రైతు అరబీ నుంచి వచ్చింది. కుర్చీ, జవాబు కూడా అక్కణ్ణుంచే. బజారు, దర్జీ పారసీవి. మేస్త్రీ, అలమర, బొత్తాం పోర్చుగీసువాళ్ళు ఇచ్చి వెళ్ళినవి. వీటిని ఏరి పారేస్తే తెలుగు శుభ్రపడదు, చిక్కిపోతుంది. అరువు తెచ్చుకోవడం భాషకు అవమానం కాదు. ఒకరి తెలుగులో ఉర్దూ ఎక్కువుందనీ, ఇంకొకరి తెలుగులో తమిళం వినపడుతుందనీ వెక్కిరించడం మాత్రం అవమానమే. తెలంగాణ పిల్లలు ఎన్నేళ్ళు ఆ వెక్కిరింత పడ్డారో నీ స్నేహితుల్ని అడుగు, చెప్తారు. వాళ్ళ అమ్మ నోటి మాట అది. దాన్ని సంకరం అనడానికి మనమెవరం?

కుర్చీనీ బజారునీ ఎలా పిలిచినా వాటికి నొప్పి లేదు. అందుకే వస్తువుల మాటల దగ్గర నీకు భయం అక్కర్లేదు. మనుషుల్ని చూపించే మాట నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగు. ఈ మాట ఎదుటివాళ్ళు తమ గురించి తాము వాడుకుంటారా? వాళ్ళ ముఖం చూస్తూ అనగలనా, వాళ్ళు లేనప్పుడే అనగలనా? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. తేలకపోతే అడుగు. ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు, పైగా సంతోషిస్తారు.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి నోరు జారుతుంది. అప్పుడు ఎదుటి మనిషి ముఖం మారిందని కనిపించగానే ఆగిపో. ‘మా భాషలో దానికి అర్థం వేరు’ అని పాఠం మొదలుపెట్టకు. గాయపడ్డ మనిషికి ముందు కావలసింది అర్థం కాదు. ‘తెలియక అన్నాను, మన్నించండి, ఇక అనను’ అంటే చాలు. ఆ తర్వాత అందరికీ చెప్పుకుని ఏడవడం, పదిసార్లు క్షమాపణ అడగడం వద్దు. అలా చేస్తే నిన్ను ఓదార్చే పని కూడా వాళ్ళ మీదే పడుతుంది. ఆ పెద్దావిడ దగ్గర కూడా అంతే చెయ్యి. ఆవిడ తానుగా తన తాతల కథ చెప్తే శ్రద్ధగా విను. ఆవిడ అడిగితే అప్పుడు చెప్పు, మన దగ్గర కూలి అంటే కష్టార్జితం అనీ, ఆ పేరుతో జెండాలు ఎత్తినవాళ్ళున్నారనీ. ఓడెక్కిన నాడు తన పూర్వీకుడి నోట్లో ఆ మాటకు ఏ మర్యాద ఉండేదో ఆవిడకు తెలియడం మంచిదే. అది ఆవిడకు నువ్వు ఇవ్వగలిగిన కానుక కావచ్చు. అయితే కానుకగానే ఇవ్వు, వాదనగా కాదు.

ఇక నువ్వు వినే వైపు ఉన్న రోజులూ వస్తాయి. నిన్ను ఎవరో ‘మద్రాసీ’ అంటారు. గురు, పండిట్, అవతార్ లాంటి మాటల్ని మనకు నచ్చని చోట వాడతారు. ప్రతిదానికీ లేచి పోట్లాడకు. తెలియక అన్నవాడికి నెమ్మదిగా చెప్పు, ఒకసారి చెప్తే చాలామంది దిద్దుకుంటారు. చెప్పాక కూడా అదే పనిగా అంటే, అప్పుడు అది తెలియనితనం కాదు. అక్కడ తల వంచకు, గట్టిగా చెప్పు. ఇతరుల నొప్పిని గౌరవించమన్నాను గానీ, నీ నొప్పిని మింగమని కాదు.

డర్బన్‌లో 1860 హెరిటేజ్ సెంటర్ ఉంది, ఒక ఆదివారం వెళ్ళిరా. నువ్వు ఉద్యోగానికి విమానమెక్కి వెళ్ళిన ఊరికి మనవాళ్ళు నూట అరవై ఏళ్ళ కిందట ఏ లెక్కన వెళ్ళారో చూడు. తెలిసి మాట్లాడే మనిషికి నోరు కట్టేసుకోవలసిన పని ఉండదు. జులూ నేర్చుకో, ఆఫ్రికాన్స్ నేర్చుకో, ఎన్ని భాషల మాటలైనా నీ తెలుగులోకి తెచ్చుకో. మనుషుల పేర్ల దగ్గర మాత్రం ఎప్పుడూ వాళ్ళ మాటే చెల్లనివ్వు. చదువుకున్నదానికంటే, సంపాదించేదానికంటే ఇది నిన్ను పెద్దదాన్ని చేస్తుంది.

ఆరోగ్యం జాగ్రత్త తల్లీ.

మీ పెదనాన్న